మోచేతి మడతలో మద్ది చెక్క

"ఆపరేషన్ బెరడు. టార్గెట్ విదేశీ ముఠా," ఫోన్‌లో చీఫ్ సత్యనారాయణ గొంతు. "మద్ది చెక్క క్రీమని చెప్పి పాదరసం పంచుతున్నారు. ముఖం తెల్లబడుతుంది, కిడ్నీలు పోతాయి. నీకు చెప్పక్కర్లేదు, పండరీ."

అక్కర్లేదు. పండరి భార్య విజయశ్రీ అలాంటి డబ్బా వాడే పోయింది.

వరంగల్, కొత్తవాడ. ఫంక్షన్ హాలు నిండా నేత ఇళ్ల ఆడవాళ్లు. జంపఖానాల వ్యాపారి వేషంలో పండరి. నల్లకళ్లద్దాలు, పట్టుచీరలో తేజస్విని దగ్గరికొచ్చింది. ముఠా మనిషే, ఏజెన్సీకి ఇన్ఫార్మర్ కూడా.

"రంగు దిగుతదా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"కడిగితే తెలుస్తది." ఆమె గొంతు తగ్గించింది. "ఎర్రమూతలు విషం. పచ్చవి సేఫ్."

పంచుతున్నవి పచ్చమూతలే. పాదరసాన్ని పసిగట్టే పెన్ను నొక్కాడు. చార్జింగ్ లేదు.

నూలుకు రంగులద్దే లింగమ్మ పచ్చమూత తీసి వాసన చూసింది. "ఫికర్ లేదు, మద్ది చెక్కనే. నా చేతులు పుట్టినకాన్నుంచి దాంట్లనే నానినయి." వేలు చెంప దాకా వెళ్లింది.

"అక్కా, జర ఆగు! అన్నభేది నీళ్లున్నయా?"

"అద్దకపోళ్లను అడిగే మాటనా తమ్మీ? అగో, షెడ్డు కిటికీల సీసా."

చెక్క కషాయంలో ఇనుప లవణమైన అన్నభేది చుక్క పడితే నల్లబడాలి. ఇంట్లో నూలుకు రంగులద్దే విజయశ్రీ ప్రతి రంగునూ అలాగే చూసేది. ముఖానికి రాసుకునేదాన్ని మాత్రం చూడలేదు.

బల్ల కింద పక్కకు పెట్టిన ఎర్రమూత డబ్బా తీసి, ఆ క్రీమ్ మీద చుక్క వేశాడు. నల్లబడింది. పచ్చమూత మీద వేశాడు. గోధుమరంగు అలాగే ఉండిపోయింది. అందులో చెక్క లేదు, దాని రంగూ వాసనే. తనిఖీలకు చూపించే అసలు సరుకు ఎర్రమూతల్లో, పాదరసం పచ్చమూతల్లో; తేజస్విని తిప్పి చెప్పింది.

లింగమ్మ వేలు చెంగుకు తుడిచేసుకుంది. గుమ్మం దాకా పరుగెత్తిన తేజస్వినికి, ఆటో డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ రాకేష్ ఆమె కారు తాళాలు చూపించి నవ్వాడు.

"గయితే ఎర్రది రాసుకోవచ్చా?" అంది లింగమ్మ.

"చర్మం మెత్తబడతదక్కా. కానీ చెట్టుదైనా అందరికీ పడదు. ముందు మోచేతి మడతల కొంచెం రాసి, రేపటిదాక చూడు."

లింగమ్మ అతని పగిలిన చేతివేళ్ల వైపు చూసింది. చెయ్యి లాక్కుని, మోచేతి మడతలో ఇంత క్రీమ్ అద్దింది. "నువ్వు గూడ చూడు. కడుక్కోకు."

ఫోన్ మోగింది. చీఫ్. "శభాష్! రేపేం చేస్తున్నావు?"

విజయశ్రీ పోయాక పండరికి రేపంటే ఇంకో ఆపరేషనే.

"పనుంది సార్," అన్నాడు. "మోచెయ్యి చూసుకోవాలి."