వెనక్కి నడిచిన కాళ్లు

"నీ బిడ్డకు చెప్పు సువార్తా! ఆదివారం కోదాడ పోయి ఆ కోళ్ల జాలీల ఎగిరిందో... మళ్ల ఈ గడప తొక్కద్దని చెప్పు!"

కంచం ముందు కూర్చున్న స్టీఫెన్ గద్దించాడు. అతను చెప్పమంటున్న బిడ్డ, రోజా, రెండడుగుల దూరంలోనే కూరగిన్నె పట్టుకుని నిలబడి ఉంది! ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఇదే తంతు. తండ్రి మాట తల్లి నోటి మీదుగా కూతురికి చేరాలి, కూతురి జవాబు మళ్లీ తల్లి నోటి మీదుగానే తండ్రికి వెళ్లాలి. ఇద్దరి నడుమ సువార్త అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. పగలంతా నవ్వు మొహంతో తిరుగుతూ, ఉల్లిపాయలు తరిగేటప్పుడు మాత్రం మనసుతీరా ఏడ్చుకునేది... అడిగేవాళ్లుండరు కదా!

స్టీఫెన్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో కాంటా దగ్గర పనిచేస్తాడు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే లేచి, మిల్లు వెనక వడ్లారబోసే సిమెంటు కల్లం మీద పిల్లలకు ఉచితంగా బాక్సింగ్ నేర్పుతున్నాడు. ఒకప్పుడు నలభై మంది వచ్చేవారు. రోజాకైతే ఆరేళ్లకే చేతులకు గ్లౌజులు తొడిగాడు. ఆ తరవాత ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి ఎమ్మెమ్మే అనే కలగలుపు కొట్లాట ఆట వచ్చింది. చుట్టూ ఇనుప జాలీ కట్టిన బోనులో ఆడతారట, కాలితో తన్నవచ్చట, ఎత్తి పడేయవచ్చట, కింద పడ్డాక కూడా ఆట ఆగదట! కొత్తొక వింత, పాతొక రోత అన్నది ఊరికే కాదు. అతని శిష్యుడే ప్రవీణ్, సూర్యాపేటలో ఎమ్మెమ్మే క్లాసు తెరిచాడు. ఒక్కొక్కరే అటు జారుకున్నారు. మొన్న స్టీఫెన్ పెట్టిన బాక్సింగ్ పోటీకి వచ్చిన జనం పదముగ్గురు. అందులో అయిదుగురు చాయ్ తాగడానికి కూర్చున్న మిల్లు హమాలీలు! అన్నీ ఓర్చుకున్నాడు పాపం. కానీ కన్నబిడ్డ కూడా "డాడీ, నేను సూర్యాపేటకు పోత" అన్న రోజున ఆ మనిషి మనసు విరిగిపోయింది. అప్పటినుంచే బిడ్డతో మాట బంద్.

"చెప్పవేంది సువార్తా?" అని మళ్లీ గద్దించాడు స్టీఫెన్.

"నేను చెప్ప!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని సువార్తకే ఆశ్చర్యమేసింది. పాతికేళ్ల కాపురంలో భర్తకు ఎదురు చెప్పి ఎరగదామె. "ఎదురుంగనే ఉన్నది కదా, చెప్పేదుంటే మీరే చెప్పుండ్రి! అది తొక్కని గడప నేను గూడ తొక్క... అంతే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ముగ్గురూ అన్నం తినలేదు.

ఆదివారం ప్రార్థన కాగానే తల్లీకూతుళ్లు ఎమ్మెమ్మే పోటీకి కోదాడ బస్సెక్కారు. స్టీఫెన్ వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. బస్సు హుజూర్‌నగర్ దాటేదాకా సువార్త కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. సాయంత్రం ఏ ఇంటికి వెళ్లాలో తెలియని ప్రయాణం అది...

కోదాడ ఫంక్షన్ హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం! కుర్చీలు చాలక గోడలెక్కి కూర్చున్నారు కుర్రాళ్లు. "ఇటు రండమ్మా, ఇక్కడ కూర్చోండి. ఆ అమ్మాయి మీ పాపేనా?" అంటూ ఒకావిడ చోటిచ్చింది. తలూపి కూర్చుంది సువార్త. ఇందులో పావువంతు జనం ఆయన ఆటకు వచ్చి ఉంటే ఆ మనిషి ఎంత పొంగిపోయేవాడో!

రోజాకు ఎదురు నిలిచింది త్రిపురారం దగ్గరి తండా పిల్ల, కమ్లి. రెండో నిమిషంలోనే రోజా కుడిచేతి దెబ్బకు కమ్లి వెల్లకిలా పడిపోయింది. హాలంతా ఒకటే కేక! "మీద పడు రోజా, మీద పడు!" అని జాలీ బయటినుంచి ప్రవీణ్ అరుస్తున్నాడు. కానీ రోజా ఏం చేసింది? చేతులు దించి, వెనక్కి నడిచి, మూలకు పోయి నిలబడింది! బాక్సింగులో అదే పద్ధతి. ఎదుటివాళ్లు పడితే మూలకు వెళ్లాలి, రిఫరీ పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగాలి. ఇక్కడ లెక్కపెట్టేవాళ్లెవరు? జనం గొల్లున నవ్వారు. ఆ సందులో కమ్లి లేచి, రోజా కాళ్లు లాగి కింద పడేసి, మెడ చుట్టూ చెయ్యి బిగించింది. ఊపిరాడక రోజా అరచేత్తో నేలను తట్టి ఓటమి ఒప్పుకుంది.

హాలు వెనక గదిలో ప్రవీణ్ మండిపడుతున్నాడు. "ఏడు నెలలు నేర్పితే ఇదా? చేతికొచ్చిన ఆటను వదిలి ఎందుకాగినవ్?"

"నేను ఆగుదామనుకోలే అన్నా... కాళ్లే వెనక్కి నడిచినయ్!" అని తల్లి భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది రోజా.

"దాన్ని ఏమనకు ప్రవీణ్. ఆ కాళ్లకు అట్ల నేర్పింది నేను."

గుమ్మంలో స్టీఫెన్! పొద్దున ప్రార్థనకు వేసుకున్న తెల్ల చొక్కాతోనే ఉన్నాడు. వెనక బస్సులో వచ్చి, ఇంతసేపూ జనంలో నిలబడే చూశాడట. నాన్న ఆటను కాలదన్ని పోయిందనుకున్న బిడ్డ ఒంట్లో ఆ ఆట ఎంత లోతుగా ఉందో చూసి, ఆ మొండిమనిషి కళ్లు ధారలు కట్టాయి!

"బిడ్డా..." అన్నాడు.

"ఓడిపోయిన డాడీ!"

"నువ్వు కాదు బిడ్డా, నా పాఠం ఓడింది. ఇంకోసారి మూలకు పోకు. గీడ గంట కొట్టేదాంక ఆట ఖతం కాదు."

"పడ్డోళ్లను కొట్టుడు నాతోని కాదు డాడీ..."

"కొట్టమన్ననా? ఆ పిల్లను సూడలేదా? కింద పడ్డంక నిన్ను ఒక్క దెబ్బ కొట్టలే. పట్టుకున్నది, అంతే. పశువుల ఆట అని తిట్టిన గానీ, ఇన్నేండ్లల్ల ఒక్కనాడు సరిగ సూడలే నేను."

గదిలో అవతలి మూల దవడకు ఐసుముక్క ఒత్తుకుంటున్న కమ్లి మెల్లగా అంది: "అక్కా, నువ్వు మూలకు పోకుంటే నేను లేసేదాన్నే కాదు."

స్టీఫెన్ శిష్యుడి వైపు తిరిగాడు. "చేతుల ఆట నేను సూస్కుంట ప్రవీణ్. ఆ పట్టుకునుడు ఎట్లనో... జర నాకు గూడ సూపియ్యి."

"సార్, మీరా? నేను మీకు..." అంటూ చేతులు జోడించాడు ప్రవీణ్.

ఇరవై ఏళ్లు నేర్పిన చేతులను నేలకు ఆనించి, పట్టు నేర్చుకునే పిల్లాడిలా అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చున్నాడు స్టీఫెన్. అలా కూర్చునే భార్య వైపు తలెత్తి చూశాడు. "మా ఇద్దరి పంతానికి దెబ్బలన్నీ నువ్వే తిన్నవ్ సువార్తా. ఏడు నెలలు... ఒక్క మాట అనకుంట! ఇంటికి రా... ముగ్గురం పోదాం."

సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, మొహం పక్కకు తిప్పుకోలేదు. కూతుర్ని గుండెకు హత్తుకుని, అందరూ చూస్తుండగానే మనసారా ఏడ్చింది!