డ్రైవర్ వైపు తలుపు

“కళ్ళు మూసుకో. ఇప్పుడు చెయ్యి పెట్టు,” అంది అమ్మమ్మ.

మనవరాలు బుల్లెట్ కుడిచేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని ఉంది. ఆ చేతిని కారు తలుపు మీద మెల్లగా జరిపింది.

“ఇక్కడ ఇంకా గరుకే. ఇసుక కాగితంలా ఉంది.”

“బానెట్?”

బుల్లెట్ ఒక్క గెంతులో ముందుకు వెళ్ళింది. “అద్దంలా నున్నగా!”

“చూశావా? వట్టి చేతికి ఏదీ తెలీదు. కవరు తొడిగితే పెయింటు దాచుకున్నవన్నీ బయటపడతాయి.”

అమ్మమ్మ ముప్పై ఏళ్ళు కార్ల షెడ్డులో పెయింటు పని చేసింది. ఈ నీలం కారు ఆమెదే. కళ్ళకు శుక్లాలు వచ్చి చూపు మసకబారాక నడపడం మానేసింది. మూడేళ్ళుగా కారు పెరట్లో ఎండుతూ తడుస్తూ పడి ఉంది.

ఇప్పుడు దానితో పెద్ద పని పడింది. అమ్మ పని చేసే షాపు మూతపడి రెండు నెలలైంది. ఆసుపత్రి నుంచి ముసలివాళ్ళను ఇళ్ళకు చేర్చే డ్రైవర్ ఉద్యోగం ఒకటి ఉంది. సొంత కారు ఉండాలి. ఆ కారు చూడటానికి కూడా చక్కగా ఉండాలి. ఇంజను మెకానిక్ బాగుచేసి వెళ్ళాడు. నాలుగింటికి ఆఫీసాయన వస్తాడు. కారు నచ్చితేనే అమ్మకు ఉద్యోగం.

టైము రెండున్నర.

అమ్మమ్మ డబ్బా మూత తీసింది. ఆటమట్టిలాంటి మెత్తటి ముద్ద. దాని పేరు క్లే. సబ్బునీళ్ళు చల్లి, నొక్కకుండా జారిస్తే చాలు, అతుక్కుపోయిన మురికినంతా లాగేస్తుంది. పొద్దున అమ్మమ్మ దాన్ని మూడు ముక్కలు చేసింది. రెండు ముక్కలు పనిచేసి పనిచేసి నల్లబడ్డాయి. మిగిలింది ఒక్కటే. డ్రైవర్ వైపు తలుపు, డిక్కీ రెండూ దానితోనే అవ్వాలి.

“ఇది కింద పడితే?” అమ్మమ్మ అడిగింది. ఇది పదోసారి.

“చెత్తబుట్టలోకి!”

“ఎందుకు?”

“ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా పెయింటు గీసుకుపోతుంది. తెలుసు అమ్మమ్మా, తెలుసు!”

“తెలిసినవాళ్ళే పడేస్తారే తల్లీ. సరే, నేను కంటిలో చుక్కలు వేసుకుని పది నిమిషాలు పడుకుని వస్తా. అంతదాకా నా కళ్ళు నువ్వే. తొందరపడకు.”

బుల్లెట్‌ను తొందరపడకు అనడం, చేపను తడవకు అనడం ఒకటే. ఆ పేరు ఊరికే రాలేదు. ఏ పనికైనా దూసుకెళ్తుంది. సగం సార్లు గోడకు తగులుతుంది.

నీళ్ళు చల్లింది. ముద్దను జారించింది. మొదట ‘సర్ సర్’మని చప్పుడు వచ్చింది. నాలుగుసార్లు జారించాక చప్పుడు ఆగిపోయింది. అంటే మురికి పోయినట్టే. బుల్లెట్‌కు హుషారు వచ్చింది. చెయ్యి వేగం పెరిగింది.

టప్!

ముద్ద నేల మీద ఉంది.

బుల్లెట్ ఇటు చూసింది. అటు చూసింది. ఎవరూ లేరు. ఇది పారేస్తే డిక్కీ ఎలా? అమ్మ ఉద్యోగం?

ముద్ద తీసి బకెట్లో ముంచింది. రెండుసార్లు నలిపింది. శుభ్రంగానే కనిపించింది. మళ్ళీ జారించింది, ఈసారి ఇంకా గబగబా.

నీళ్ళు తుడిచేసరికి గీతలు కనిపించాయి. నీలం రంగు మీద సన్నగా, తెల్లగా, పిల్లి గోకినట్టు. ఒకటి కాదు, పది పన్నెండు.

లోపల తలుపు చప్పుడైంది. బుల్లెట్ ముద్దను గుప్పిట్లో దాచింది.

అమ్మమ్మ వచ్చి కవరు తొడుక్కుని తలుపంతా తడిమింది. ముఖం విచ్చుకుంది.

“పట్టులా ఉందే! గీతలేమీ పడలేదు కదా?”

“లేదు.”

ఆ మాట బుల్లెట్ కంటే ముందే దూసుకొచ్చేసింది.

“అయితే గీతలు తీసే పాలిష్ అక్కర్లేదు. మెరుపుకు వాక్స్ పెట్టేసి డిక్కీ పట్టుకుందాం.”

కిటికీలోంచి అమ్మ తొంగి చూసింది. చేతిలో దువ్వెన. రెండు నెలల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుంది. “అమ్మా, తలుపు ఎలా వచ్చింది?”

“నాకేం కనిపిస్తుంది? నీ కూతుర్ని అడుగు. ఇవాళ నా కళ్ళు అదే.”

బుల్లెట్ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అమ్మమ్మ వేలికి వాక్స్ తీసుకుంది. ఆ వేలు సరిగ్గా గీతల దగ్గరికే వస్తోంది. అమ్మమ్మకు అవి కనిపించవు. అంత సన్నవి కాబట్టి చేతికీ తెలియలేదు. ఈ ప్రపంచంలో వాటి సంగతి తెలిసింది బుల్లెట్‌కు ఒక్కదానికే.

“ఆగు అమ్మమ్మా!”

వేలు ఆగింది.

“నీ కళ్ళు ఇందాక అబద్ధం చెప్పాయి.”

గుప్పిట తెరిచి ముద్దను అమ్మమ్మ అరచేతిలో పెట్టింది. “కింద పడింది. అయినా వాడాను. తలుపు గీసుకుపోయింది.” ముక్కు కారిపోతోంది.

అమ్మమ్మ ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూసింది. కోప్పడితే బాగుండుననిపించింది బుల్లెట్‌కు.

“నా గోరు ఆ గీతల మీద పెట్టు,” అంది చివరికి. “గోరు అందులో చిక్కుకుంటే గీత లోతుగా ఉన్నట్టు. మన వల్ల కాదు. జారిపోతే బతికిపోయినట్టు.”

బుల్లెట్ అమ్మమ్మ వేలు పట్టుకుని గీతలకు అడ్డంగా లాగింది. ఒకటి. రెండు. ఊపిరి బిగబట్టింది. ఐదు. పది.

గోరు జారిపోయింది.

“పాలిష్ డబ్బా తే! ఇంకా నయం, గీతల మీద వాక్స్ పూసేదాన్ని. పైన పటారం, లోన లొటారం!”

“ముద్ద?”

“నువ్వే చెప్పు.”

బుల్లెట్ దాన్ని చెత్తబుట్టలో వేసింది. దానితోపాటు డిక్కీ ఆశ కూడా పోయింది.

స్పాంజితో పాలిష్ పూసి గుండ్రంగా రుద్దారు. అమ్మమ్మ చేతి మీద బుల్లెట్ చెయ్యి. “ఇంకా ఉన్నాయా?” “ఉన్నాయి.” “ఇప్పుడు?” “మూడు ఉన్నాయి.” “ఇప్పుడు?” “ఒకటి... దాదాపు పోయింది. దాదాపే.” “అయితే ఇంకోసారి.” భుజాలు లాగేశాయి. గీతలన్నీ పోయాక వాక్స్ పెట్టి తుడిచారు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

ఆఫీసాయన సీట్లు చూశాడు. బెల్టులు లాగి చూశాడు. డ్రైవర్ వైపు తలుపులో తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. వెనక్కి వెళ్ళి డిక్కీ మీద చెయ్యి వేశాడు.

చెయ్యి ఆగిపోయింది.

“ఇదేంటి, ఇంత గరుగ్గా ఉంది?”

అమ్మ ముఖం వాడిపోయింది. బుల్లెట్ ముందుకొచ్చింది.

“నా వల్లేనండీ. క్లే ముద్ద కింద పడేశాను. పడింది వాడకూడదు. నేను వాడి తలుపు గీసేశాను. అది బాగుచేసేసరికి టైము అయిపోయింది. ముద్ద కూడా లేదు.”

ఆయన మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి వంగి వంగి వెతికాడు. “గీతలెక్కడ?”

“తీసేశాం.”

ఆయన అమ్మ వైపు తిరిగాడు. “ముసలివాళ్ళు డిక్కీలో కూర్చోరు కదా. సోమవారం ఏడింటికి వచ్చేయండి.”

గేటు మూసుకుంది. అమ్మ బుల్లెట్‌ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది.

అమ్మమ్మ మాత్రం కవరు తొడుక్కుని డిక్కీ దగ్గర నిలబడింది.

“ఏమే, చూడటానికి ఎలా ఉంది?”

బుల్లెట్ పక్కకు వచ్చింది. ఈసారి తొందరపడలేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.

“అస్సలు బాగాలేదు అమ్మమ్మా. మచ్చలు మచ్చలుగా ఉంది. కింద బంక కూడా అంటుకుంది.”

అమ్మమ్మ పకపకా నవ్వింది. “అబ్బ! ఎన్నాళ్ళకు నా కళ్ళు ఇంత బాగా కనిపిస్తున్నాయే!”