అమ్మిన కథలో మంచి మొగుడు

కన్నతల్లి చావును కూతురు అమ్ముకుంది. అందులో ఆ తండ్రికి రెండో మాట లేదు.

పొద్దున్నే పక్కింటావిడ గోడ మీదుగా ఫోన్ చాపింది. "ఈ కథ చదివి కళ్లు వాచేలా ఏడ్చాను అన్నయ్యగారూ. అచ్చం మా వదినే!" జబ్బు అదే, మంచం అదే, జడ వేయించుకోవాలన్న ఆరాటం అదే. కింద పేరు మాత్రం ఎవరో రచయిత్రిది. రెండు పేరాలు చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు.

కూతురు వంటింటి బల్ల ముందు కూర్చుని కంప్యూటర్ మీద టకటకలాడిస్తోంది. సబ్బుల ప్రకటనలు, పెళ్లి ప్రసంగాలు, ఇంకొకరి పేరుతో అచ్చయ్యే కథలు. ఆ రాతలతోనే ఇల్లు గడుస్తోంది.

"మీ అమ్మ ఎంత పలికిందే?"

ఆమె వేళ్లు ఆగాయి. "నీ కంటి ఆపరేషన్ అంత."

"ఆ కళ్లతోనే చదవాల్సొచ్చింది, నా ఖర్మ! శవం మీద చిల్లర ఏరుకున్నట్టుంది. తీయించెయ్."

"అమ్మేసిన సరుకు నాన్నా, తీయించలేను. పుస్తకంగా వేస్తున్నారు. మధ్యాహ్నం దాకా మార్పులైతే చేయొచ్చు."

"అయితే మార్చు. అమ్మకానికి కల్పించినవేమైనా ఉంటే తీసేసి ఉన్నదున్నట్టు రాయి."

"చివరిదాకా చదివావా?"

"ఎందుకు? పోయింది నా పెళ్లాం. నాకు తెలీదా?"

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. ఆఖరి పేజీ. భార్య మంచినీళ్లు అడుగుతుంది. భర్త పరుగున వస్తాడు. తల ఎత్తి పట్టుకుని చెంచాతో తాగిస్తాడు. ఆయన చేతుల్లోనే ఆమె కన్నుమూస్తుంది.

"ఆ రోజు అమ్మ నీళ్లకోసం మూడుసార్లు పిలిచింది. ముందుగదిలోంచి నువ్వేమన్నావు? 'కాసేపాగితే చచ్చిపోవులే' అన్నావు."

"నువ్వూ ఇంట్లోనే ఉన్నావుగా!"

"ఉన్నాను. ఇదే బల్ల ముందు. ఎవరిదో పెళ్లి ప్రసంగం అర్జెంటుగా పంపాలి. ఈ ఒక్క వాక్యం, ఈ ఒక్క వాక్యం అనుకుంటూ లేవలేదు. అందుకే కథలో కూతురే లేదు. కొనేవాళ్లు మంచి మొగుణ్ణి పెట్టమన్నారు, పెట్టాను. ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు రాయనా?"

ఆ పేరా మొత్తం చెరిపేయడానికి మీట మీద వేలు పెట్టి కూర్చుంది.

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మళ్లీ చదివాడు. చెంచా దగ్గర ఆగిపోయాడు. ఆ మొగుణ్ణి చూస్తే కడుపు మండింది. ఒక్క చెంచా. అంతే కదా వాడు చేసింది.

"ఉండనీ" అన్నాడు. "నీళ్లు తాగే పోయిందని ఉండనీ."

కూతురు మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాడు.

"ఇక ఈ ఊసు నా దగ్గర ఎత్తకు" అని లేచాడు. "నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."