ఎడమ చేతి పాఠం

శనివారం పొద్దున ప్రమీలారాణి దోసెల పెనం దించి, చేతులు తుడుచుకుని మ్యూజిక్ కీబోర్డు ముందు కూర్చుంది. కుడి చేయి బాగానే నడిచింది. ఎడమ చేయి కలపగానే రెండూ తడబడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఐదో పాఠం పట్టుకుని నాలుగు నెలలైంది.

"అమ్మా, ఆడ ఎడమ చెయ్యి కాసేపు ఆగాల," అంది పదకొండేళ్ళ కూతురు అశ్విత, జడ వేసుకుంటూ.

"నాకు తెలుసులే. నువ్వు బడికి పో."

గడపలో కూర్చున్న అత్త మాలకొండమ్మ నవ్వింది. "పిల్ల మంచికే చెప్పింది కదమ్మే. అయినా గరిటెలు చెక్కే చేతికి అది యాడ లొంగుతాది."

పెళ్ళిరోజుకు ఏం కావాలని భర్త కోటేశ్వర్ అడిగితే, చీర వద్దని ఈ పాత కీబోర్డు అడిగింది ప్రమీలారాణి. చిన్నప్పుడు బళ్ళో హార్మోనియం మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆ కోరిక అలాగే మిగిలిపోయింది. ప్రతి ఆదివారం ఉదయగిరిలో బస్సెక్కి, ఆత్మకూరులో డేవిడ్‌రాజు మాస్టారి దగ్గరికి వెళ్ళేది. తోడుగా వచ్చిన అశ్విత రెండు నెలలు పక్కన కూర్చుని చూసి, తనూ మొదలుపెట్టింది. ఇప్పుడు తొమ్మిదో పాఠంలో ఉంది.

రేపు మాస్టారి శిష్యుల కార్యక్రమం. పోయిన ఆదివారం ఆయన పేర్లు చదివారు. అశ్విత పేరుంది, తల్లి పేరు లేదు. "మీరు పాప చేతిని చూస్తా ఉండండమ్మా, అదే వచ్చేస్తది," అన్నారు ప్రమీలారాణితో. వెనక పిల్లలు నవ్వారు. తిరుగు బస్సులో కూతురు తన భుజం మీద నిద్రపోతే, ఆ తల బరువనిపించింది ఆమెకు. కన్నబిడ్డ మీద అసూయేమిటని భయమేసింది. భయమేసినా అసూయ పోలేదు.

ఈ పొద్దున కూడా పోలేదు. అశ్విత బడికి, కోటేశ్వర్ చేనికి వెళ్ళాక, ఆమె కీబోర్డు కరెంటు అడాప్టర్ పీకి, వసారాలో చెక్కపొట్టు నింపిన గోతాంలోకి దూర్చింది. బ్యాటరీలు పెట్టే చోటు ఎప్పుడో తుప్పు పట్టింది. ఇక అది మోగదు.

తరువాత తాను పని నేర్పే చెక్క గరిటెల షెడ్డుకు వెళ్ళింది. కొత్తగా చేరిన కరుణశ్రీ చెక్కిన గరిటె వంకరపోయింది. ప్రమీలారాణి దాన్ని లాక్కుని, ఎప్పటిలాగే పొయ్యిలో పడేసింది.

"అప్పుడే గరిటె గుంత తవ్వబాకు అన్నానా లేదా? ఈ వారమంతా కాడే. కాడ కుదిరినాక గుంత."

సాయంత్రం అడాప్టర్ కోసం ఇల్లంతా వెతికారు.

"ఇంట్లో వస్తువు యాడికి పోతాది?" అన్నాడు కోటేశ్వర్. "అమ్మా, నువ్వేమన్నా తీసినావా?"

"నాకెందుకురా? నడుముకు కట్టుకునేదానికా?"

"పాపే యాడో పడేసి ఉంటాది," అంది ప్రమీలారాణి. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

అశ్విత తల్లి వైపు చూసింది.

"జాగ్రత్త లేనిదానికి ప్రోగ్రామెందుకు? రేపు పోబాక," అన్నాడు కోటేశ్వర్.

పిల్ల మెల్లగా గదిలోకి వెళ్ళింది.

ప్రమీలారాణి దండెం మీద బట్టలు తీస్తుంటే, కిటికీలోంచి టక్ టక్‌మని చప్పుడు వినిపించింది. తొంగి చూసింది. మోగని కీబోర్డు మీద అశ్విత ఎడమ చేయి ఒక్కటే నడుస్తోంది. పెదవులతో లెక్క పెట్టుకుంటోంది. ఒకచోట వేలు తప్పింది. "కాదు," అనుకుని మొదటికొచ్చింది. మళ్ళీ అక్కడే తప్పింది. పదిసార్లు చూసింది ప్రమీలారాణి. పదకొండోసారీ తప్పింది. పిల్ల మోచేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

ఈ వారమంతా కాడే. షెడ్డులో తన నోటితో తను రోజూ చెప్పే మాట.

బట్టలు అక్కడే వదిలేసి వసారాలోకి వెళ్ళింది. గోతాంలోంచి అడాప్టర్ తీసి, పొట్టు దులపకుండానే అందరి ముందూ కూతురి చేతిలో పెట్టింది.

"నేనే దాచినాను. నీకొచ్చి నాకు రాలేదని."

కోటేశ్వర్ నోరు తెరిచాడు. మాలకొండమ్మ కొడుకు చెయ్యి పట్టి ఆపింది. "పొద్దున్నే అది దాస్తా ఉంటే చూసినా. దాని నోటితోనే నిజం రానీ అని ఊరుకున్నా."

"నాకూ ఊరికే రాలేదుమా," అంది అశ్విత. "బడి నుంచి వచ్చి, నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు సాధన చేస్తా."

"నా ముందర ఎందుకు చెయ్యవు?"

"నువ్వు వంకరపోయిన గరిటెలన్నీ పొయ్యిలో వేస్తావు కదా. తప్పు వాయిస్తే ఏమంటావో అని."

ప్రమీలారాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లను దగ్గరికి తీసుకుంది.

"రేపు పొద్దున బస్సుకు నేనే ఎక్కిస్తా ఇద్దర్నీ," అని గొణిగాడు కోటేశ్వర్. వైరు ప్లగ్గులో పెట్టాడు.

అశ్విత తన తొమ్మిదో పాఠం మొత్తం తప్పులతో సహా వాయించింది. తరువాత పక్కకు జరిగి తల్లికి చోటిచ్చింది. ప్రమీలారాణి ఎడమ చేయి ఒక్కటే పెట్టింది. మూడో స్వరం దగ్గరే వేలు తప్పింది. ఇల్లంతా వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

"ఇంకోసారిమా," అంది అశ్విత. "కుడి చెయ్యి జోలికి పోబాక."