అల్యూమినియాన్ని ఎవరూ అడగలేదు

హిస్కె తన కొడుకు కోసం బ్యాగు సర్దుతోంది. ఉన్ని మేజోళ్ళు. పొడి చొక్కా. కాగితంలో చుట్టిన రై రొట్టె, చీజ్ ముక్క.

"దొరికేసరికి తడిసి ముద్దయి ఉంటాడు బాబూ," అంది.

ఇన్‌స్పెక్టర్ డెక్కర్ నోటుబుక్కు తెరిచాడు. డెల్ఫ్ట్ ఊళ్ళో మూడు రోజులుగా వాన. ఆమె కొడుకు యెల్లె కనిపించకుండా పోయి కూడా మూడు రోజులే. ఫోన్ బల్ల మీదే ఉంది. కోటు కొక్కేనికే ఉంది.

"ఎందుకు వెళ్ళిపోయాడమ్మా?"

"యూనివర్సిటీ ప్రయోగంలో దొంగ ఫలితాలు చూపించాడన్నారు. చిన్నప్పుడు బిస్కెట్ కాజేసినా సాయంత్రానికి వాడే వచ్చి చెప్పేసేవాడు."

యూనివర్సిటీ ల్యాబ్. చిప్‌లను చల్లబరిచే మనిషెత్తు ఫ్రిజ్. పంపుల చప్పుడు. ప్రొఫెసర్ ఫాన్ రోసెమ్, యెల్లెతో పనిచేసే మార్నిక్స్ ఎదురుగా నిలబడ్డారు. హిస్కె బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

"యెల్లె ఏం చూశానన్నాడు?" అడిగాడు డెక్కర్.

"గ్రాఫీన్‌లో నిరోధమే లేకుండా కరెంటు పారిందన్నాడు," అన్నాడు ప్రొఫెసర్. "గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర. దానికి సొంతంగా ఆ గుణం లేదు. రెండు వైపులా అల్యూమినియం తగిలిస్తాం. బాగా చల్లబడితే అల్యూమినియం సూపర్‌కండక్టర్ అవుతుంది, అంటే దానిలో నిరోధం పోతుంది. తాకిన చోటి నుంచి ఆ గుణం పొరలోకీ పాకుతుంది."

"మీరు పరీక్షిస్తే?"

"పాకలేదు. అదే చిప్, అదే ఫ్రిజ్. పొర బాగానే ఉంది."

"అల్యూమినియం?"

"దాన్ని విడిగా చూడలేదు," అన్నాడు ప్రొఫెసర్.

"దాని గుణాన్ని పోగొట్టేవేమిటి?"

"వేడి. లేదా అయస్కాంతం. కొద్దిపాటిది చాలు. కానీ చల్లగానే ఉంది. ఫ్రిజ్ లోపలి మాగ్నెట్ స్విచ్ ఆపే ఉంది."

"మీ పరీక్షకు ముందు ఆ మాగ్నెట్ ఎవరు వాడారు?"

"నేనే." మార్నిక్స్ నవ్వాడు. "ఈమధ్య పోలీసులకు ఫిజిక్స్ కూడా నేర్పుతున్నారా?"

"లేదు బాబూ. ఆదివారాలు పడవ నడుపుతాను."

డెక్కర్ జేబులోంచి దిక్సూచి తీశాడు. తలుపు దగ్గర ముల్లు ఉత్తరం చూపింది. ఫ్రిజ్ పక్కకు తేగానే గిర్రున తిరిగి ఫ్రిజ్ వైపే నిలిచిపోయింది.

ప్రొఫెసర్ మార్నిక్స్ వైపు తిరిగాడు.

"స్విచ్ ఆపినా మాగ్నెట్ తీగచుట్టలో కొంత అయస్కాంతత్వం మిగులుతుంది... నీ పనయ్యాక దాన్ని పోగొట్టలేదా?"

"ఆ రాత్రే గుర్తొచ్చింది సార్. అప్పటికే మీరు వాణ్ణి పొమ్మన్నారు. వాడి చోటు నాకిస్తారని..."

"మూడు రోజులు నోరెత్తలేదా?" హిస్కె బ్యాగు పక్కన పెట్టింది. "ఈస్టర్‌కి మా ఇంట్లో తిన్నావు కదరా!"

గంటలో ఆ మిగులు పోగొట్టి మళ్ళీ పరీక్షించారు. నిరోధం చూపే మీటరు సున్నాకి పడింది. యెల్లె చూపించిన గీతే అచ్చంగా తెర మీదికి వచ్చింది.

హిస్కె లేచింది. "ఇక రావచ్చు కదా వాడు? రేడియోలో చెప్పించండి బాబూ. తప్పు వాడిది కాదని గట్టిగా చెప్పించండి."

చెప్పించాడు. కాలువలు వెతికించాడు, స్టేషన్లు వెతికించాడు. ఆమె రోజూ ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. బ్యాగులో రొట్టె మాత్రం మారుస్తూ ఉండేది.

యెల్లె 2007 నవంబరు 8, గురువారం వెళ్ళాడు. తిరిగి రాలేదు.