తగిన స్థానికులు లేరు

2083 నాటికి మచిలీపట్నాన్ని సముద్రం నుంచి కాపాడుతున్నది ప్రాణమున్న గోడ. పగడపు జీవుల్ని సిమెంటులో కలిపి పెంచిన జీవకుడ్యం అది. దానికీ జబ్బు చేస్తుంది. ఆ ఏడు ఉత్తరపు కొసన పుళ్లు పడి పెళ్లలు ఊడసాగాయి. తుపాన్లు మొదలయ్యేలోపు మాన్పకపోతే కింది పేటలన్నీ ఖాళీ చేయించాలి.

వైద్యం తెలిసిన ఇంజనీరు హిమేనా చిలీలో ఉంది. ఆమెకు పని వీసా తెప్పించే బాధ్యత గోడ కంపెనీలో అర్జీలు చూసే వకుళది. ఏడు నెలలుగా ఆ అర్జీ వకుళ ప్రాణం తోడేస్తోంది.

అడ్డం పడుతున్నది అవసరమాపిని. జనం నీడ్ మీటర్ అంటారు. ఇక్కడ తగినవాళ్లు లేరని కంపెనీలు బొంకకుండా కనిపెట్టిన యంత్రం. ప్రతి మనిషి చేతిపట్టీ నుంచి ఎవరికి ఏ పని వచ్చో గ్రహిస్తుంది. స్థానికులెవరూ లేరని తేలితేనే ముద్ర వేస్తుంది. అబద్ధం చెబితే నాడి చూసి పట్టేస్తుంది.

ఆరు నెలలు అది గోడ గురించి వివరాలు చాలవంటూ ప్రశ్నలతో చంపింది. వకుళ హిమేనాకు ఫోన్ చేయడం, అర్థం కానివి మళ్లీ అడగడం, గోడ దగ్గరికెళ్లి చూడడం, రాయడం. అన్నీ పూర్తయ్యాక తగిన స్థానికురాలు ఉందని అర్జీ తిప్పికొట్టింది. వకుళకు ఒళ్లు మండిపోయింది. ఉంటే ఇన్నాళ్లూ ఏమైపోయిందట?

పేరు చెప్పమని నిలదీసింది. యంత్రం వకుళ పేరే చెప్పింది.

ఎండీ జగదీశ్వర్ అది విని అలసటగా నవ్వాడు. "నువ్వు రాసేదానివమ్మా. చేసేదానివి కాదుగా," అన్నాడు. నిజమేననిపించి వకుళ కూడా నవ్వింది. తనకు పని రాదని స్వయంగా చెబితే చట్టం ఒప్పుకుంటుంది. వెళ్లి యంత్రం ముందు కూర్చుంది.

"మీకు ఈ పని రాదా?" అనడిగింది యంత్రం.

"రాదు."

"మంగళవారం ఉత్తరపు కొసన పుండు మాన్పింది ఎవరు?"

"నేనే. హిమేనా గారు చెప్పినట్టు చేశాను."

"ఆ రోజు మీరు ఆమెతో మాట్లాడలేదు."

"రాసుకున్నది చూసి చేశానంతే. ఇందులో నా గొప్పేముంది?"

యంత్రం నాడి చూసింది. అబద్ధం ఆనవాలు కూడా లేదు. ఆమె మనస్ఫూర్తిగానే అంటోంది. తగిన స్థానికులు లేరని ముద్ర పడిపోయింది.

హమ్మయ్య అనుకుని వకుళ చిలీకి కబురు పంపింది. కాసేపటికి జవాబొచ్చింది.

'సంతోషం. మీరు పంపిన మంగళవారం ఫొటోలు చూశాను. అంత పెద్ద పుండు నా చేతిలో ఎప్పుడూ మానలేదు. నేను చెప్పిన మందు పాళ్లు మార్చారు కదూ? వచ్చాక నాకు నేర్పాలి.'

వకుళ రెండుసార్లు చదివింది. అవును, మార్చింది. ఇన్ని నెలలూ యంత్రం మీద పడ్డ కోపమంతా ఇప్పుడు తనమీదికి తిరిగి ఏడుపొచ్చింది. తనకు పని రాదని ముద్ర పడిన మాటను వెనక్కి తీసుకునే వీలు చట్టంలో లేదు.