ముడి వేసినవాడు

దుర్గాదేవి కత్తిపీట మీద ఆనపకాయ ముక్కలు కోస్తోంది. ఇంటావిడ నరసమ్మ కుళాయి దగ్గరికి వెళ్లగానే, ఎడమ చెవి దుద్దులోంచి పై అధికారి కోదండం గొంతు పలికింది.

"చేపల బండి వచ్చిందా?"

"ఇంకా లేదు సార్."

చేపల బండి అంటే రాజకుమారి. "ఆమె ఆ విదేశీ ముఠాలో మన కన్ను. నువ్వు చూస్తూ ఊరుకో, చాలు," అన్నాడు కోదండం. ఊరికి ఆ చివర సాల్ట్ లేక్ ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఈ చివర సంత్రాగాఛి వంటింటి ఉక్క ఏం తెలుస్తుంది?

పక్క గదిలో అద్దెకున్న పిల్ల వేషంలో దుర్గాదేవికి ఇది మూడో వారం. కాపలా కాయాల్సింది ఇంటాయన గురువులుకి. డాక్‌లో క్రేన్ ఎలక్ట్రీషియన్. ఏ క్రేన్ ఎంత బరువు ఎత్తవచ్చో, బ్రేకు ఎంత పట్టాలో లెక్కకట్టే ప్రోగ్రాం సొంతంగా రాసి, పదకొండేళ్ల కిందట నెట్‌లో ఉచితంగా పెట్టాడు. ఇప్పుడు నలభై రేవుల్లో క్రేన్లు దాని మీదే నడుస్తున్నాయి. ఎవరెవరో మార్పులు పంపుతారు. గురువులు సంతకం చేస్తేనే అవి చెల్లుతాయి. ఇన్నేళ్లలో ఒక్కడూ అతన్ని భేష్ అనలేదు.

ముఠా ఆ ఆకలిని పసిగట్టింది. 'ప్రపంచ కోడ్ గౌరవ పరిషత్తు' అని బోర్డు కట్టింది. ఇలాంటి ఉచిత ఓపెన్ సోర్సు ప్రోగ్రాంలకి సేవ చేసినవాళ్లకి సర్టిఫికెట్లట! కామా దిద్దితే కంచు, ఖాళీ జాగా చెరిపితే వెండి. వేలమంది పనిలేనివాళ్లు వాటికి ఫ్రేములు కట్టించుకున్నారు. కోదండం గదిలోనూ ఒకటి వేలాడుతోంది. ఆ మందలోంచి ప్రవీణ్‌కుమార్ అనే ఒకడు బంగారు గ్రేడుకి ఎక్కాడు. క్రేన్ల బ్రేకులు జారిపోయేలా ఒక మార్పు రాబోతోందని నిఘా డిపార్ట్‌మెంటుకి తెలుసు. అది ఏ మార్పో చెబుతానని రాజకుమారి మాటిచ్చింది.

మధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆమె దిగింది. పట్టుచీర, సెంటు, చేతిలో బంగారు ముద్ర వేసిన ఫ్రేము.

"గురువులు గారూ! ప్రవీణ్ గారి మార్పు మీద ఒక్క సంతకం. ఈ గౌరవం మీదే."

"ఆ మార్పు శుభ్రమని రాజకుమారి రిపోర్టిచ్చింది. కదలకు," అంది దుద్దు.

ఫ్రేము తాకేముందు గురువులు చేతులు రెండుసార్లు లుంగీకి తుడుచుకున్నాడు. అది చూసి దుర్గాదేవికి ఒళ్లు మండింది. అతను సంతకానికి వాడే బొటనవేలంత ఎలక్ట్రానిక్ తాళాన్ని లాప్‌టాప్‌కి గుచ్చాడు. దీపం మిణుకుమంది. ఇక ఎవరి వేలు ఆనినా సంతకం పడ్డట్టే. పన్నెండుకి క్రేన్లన్నీ ఆ మార్పుని దింపుకుంటాయి.

"నొక్కీ!" అంది నరసమ్మ. "పదకొండేళ్లు కళ్లు పోయీలాగ రాసినావు. గోడకేటో ఒకటి ఏలాడనీ."

"బాబాయ్," అంది దుర్గాదేవి. "డాక్‌లో బరువుకి కొత్త ముడి ఏసినోడు ఏటి చేస్తాడు?"

గురువులు వేలు ఆగింది.

"బరువు జానెడు లేచీదాకా దాని పక్కనే నిలబడతాడు. అందరికీ తెలిసిందే."

"మరి ఈ ప్రవీణ్ బాబు నిలబడ్డాడేటి?"

గురువులు రాజకుమారి వైపు తిరిగాడు. "నిజమేనమ్మా. మా తమ్ముడు దేముడు ఇప్పుడు డాక్‌లో క్రేన్ కొక్కెం కిందే పనిలో ఉన్నాడు. ఒక్క క్రేన్‌కి ఈ మార్పు ఎక్కించి, నలభై టన్నులు జానెడు లేపిస్తాను. ఆ బాబు తరపున నువ్వొచ్చి పక్కన నిలబడు. ఆనక సంతకం."

"గోల్డ్ సర్టిఫికెట్ ఉన్న మనిషండీ! నిలబడటమేమిటి?" నవ్వబోయింది రాజకుమారి.

"నిలబడ్డానికి బయమేల?" అన్నాడు గురువులు.

పన్నెండుకి ఇంకా అయిదు సెకన్లు. రాజకుమారి ఒక్క ఉదుటున వంగింది. రంగు వేసిన గోరు మిణుకుతున్న దీపం మీదికి దూసుకొచ్చింది. దుర్గాదేవి తాళం లాగేసింది. గోరు ఖాళీ సందులో గుచ్చుకుని పుటుక్కున విరిగింది.

"విషం ఎందులో ఉందో చెబుతానన్నావు," అంది దుర్గాదేవి, ఆమె మణికట్టు మెలితిప్పి. "చెప్పేశావు."

గడియారం పన్నెండు కొట్టింది. డాక్‌లో ఏ బ్రేకూ జారలేదు.

అరగంటలో జీపు వచ్చి రాజకుమారిని తీసుకుపోయింది. ప్రవీణ్‌కుమార్ అనే మనిషే లేడని తేలింది. ఎక్కడో పరదేశంలో ఒక గదిలో ఆరుగురు కలిసి ఆ పేరు పెట్టుకున్నారు.

కోదండం స్వయంగా వచ్చాడు. తన గోడ మీది సర్టిఫికెట్ సంగతి ఎత్తలేదు.

"గురువులు గారూ, వాళ్లది మోసం. మా డిపార్ట్‌మెంటు మీకు అసలైన సర్టిఫికెట్ ఇస్తుంది. ఫ్రేము ఏ సైజు కావాలి?"

"బియ్యం డబ్బాకి మూత లేదు," అంది నరసమ్మ. "దానికి సరిపోయీలాగ ఇయ్యండి బాబూ."

గురువులు చొక్కా తగిలించుకున్నాడు. చెప్పులేసుకుని, గుమ్మానికి అడ్డంగా ఉన్న కోదండాన్ని మోచేత్తో పక్కకి జరిపి, డ్యూటీకి వెళ్లిపోయాడు.